బుర్రమ్మ చెవి వెనక

ఆమెకు పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటి ఉంది. దాన్ని వాడేది ఆసుపత్రివాళ్లు మాత్రమే. ఇంట్లోనూ వీధిలోనూ ఆమె బుర్రమ్మ. కొత్తగా వచ్చినవాళ్లు ఆ పిలుపు విని ఇబ్బంది పడతారు, ఎవరో వెక్కిరిస్తున్నారేమో అనుకుంటారు. అప్పుడు ఆమే కల్పించుకుని, "నాకేం కోపం లేదండీ. అందరికీ పేరు ఎవరో ఒకరు పెడతారు. నాది నేను సొంతంగా సంపాదించుకున్నాను," అంటుంది.

సంపాదించుకున్న మాట నిజమే. నెలల పిల్లగా ఉన్నప్పుడు ఆమె తల ఒంటికన్నా వేగంగా పెరిగింది. నాన్న దర్జీ. ఇంటి ముందుగదే ఆయన దుకాణం. మిగిలిపోయిన గుడ్డముక్కలతో కూతురికి టోపీ కుట్టేవాడు. నాలుగు రోజులు తిరిగేసరికి అది బిగుతయ్యేది. కుట్లు విప్పి, ఇంకో ముక్క అతికి, మళ్లీ పెద్దది చేసేవాడు. నానమ్మ మురిసిపోయి, "దీని తల చూడండి, ఎంత తెలివి పట్టాలో అంతా పడుతుంది," అని ఇంటికొచ్చినవాళ్లందరికీ చూపించేది. అప్పుడప్పుడే మాటలు నేర్చుకుంటున్న అన్నయ్య ఉయ్యాల పక్కన నిలబడి "బుర్ర, బుర్ర" అని చప్పట్లు కొట్టేవాడు. పేరు అక్కడ పుట్టింది.

అనుమానం వచ్చింది అమ్మకే. పిల్ల పైకి చూడటం మానేసింది. బొమ్మను ముఖం మీద ఎంత ఊపినా చూపు కిందికే వాలి ఉండేది. నల్లగుడ్లు కింది రెప్పల్లోకి దిగిపోయి, పైన అంతా తెల్లగా కనిపించేది. తాగిన పాలు తాగినట్టే కక్కేసేది. అమ్మ పిల్లను తీసుకొచ్చి దుకాణంలో నాన్న ఒళ్లో పెట్టి, "ఒకసారి కొలవండి," అంది. ఆయన మెడలోంచి టేపు తీసి తల చుట్టూ పెట్టి చూశాడు. నమ్మబుద్ధి కాక మళ్లీ చూశాడు. తర్వాత టేపును మెడలో వేసుకోవడం మర్చిపోయి, దుకాణం తలుపు కూడా వెయ్యకుండా, పిల్లను భుజాన వేసుకుని బయల్దేరాడు.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు నిదానంగా చెప్పాడు. అందరి తలలోనూ నీరు ఊరుతూ ఉంటుంది, పోతూ ఉంటుంది. ఈ పాపకు పోయే దారి మూసుకుపోయింది. ఇంకో దారి వెయ్యాలి. చెవి వెనక చర్మం కింద ఒక చిన్న వాల్వు, అక్కడి నుంచి మెడ మీదుగా, ఛాతీ మీదుగా పొట్టలోకి సన్నటి గొట్టం. దాన్ని షంట్ అంటారు. ఎక్కువైన నీరు అందులోంచి దిగి పొట్టలో ఇంకిపోతుంది.

"బతుకుతుందా డాక్టరుగారూ?" అని అమ్మ అడిగింది.

"ముందు ఇది చేద్దాం."

"నడుస్తుందా? మాట్లాడుతుందా?"

"చెప్పలేనమ్మా," అన్నాడాయన.

ఆ మాట అమ్మ గుండెల్లో ముల్లులా దిగబడి అలాగే ఉండిపోయింది.

పిల్ల బతికింది. నడక ఆలస్యమైంది గానీ నడిచింది. మాటలు మాత్రం తొందరగా వచ్చాయి, వచ్చినవి ఇక ఆగలేదు. "దేవుడు నడకలో తగ్గించింది నోటికిచ్చాడు," అని అన్నయ్య విసుక్కునేవాడు. బడిలో ఎవరైనా చెల్లెల్ని ఏడిపిస్తే మాత్రం వాడే ముందు దూకేవాడు. "మీ అందరి తలకాయల్లో ఏముందో మీకే తెలీదు. మా చెల్లి తలకాయలో ఏముందో మాకు తెలుసు. డాక్టరు బొమ్మ గీసి చూపించాడు," అనేవాడు.

లెక్కలు ఆమెకు ఎక్కలేదు. దారులు గుర్తుండేవి కావు. రెండు మలుపులున్న వీధిలోనూ తప్పిపోయేది. తప్పిపోయిన ప్రతిసారీ ఎవరితోనో మాట కలిపి, వాళ్లనే వెంటబెట్టుకుని ఇంటికి చేరేది. అలా ఆ పేటలో సగంమంది ఆమెను ఏదో ఒకరోజు ఇంటికి దింపినవాళ్లే.

అమ్మ మాత్రం ఒళ్లంతా కళ్లు చేసుకుని కాపలా కాసింది. గొట్టం ఎప్పుడైనా మూసుకుపోవచ్చని డాక్టర్లు చెప్పి ఉన్నారు. తలనొప్పి, వాంతి, మత్తు: ఈ మూడూ కనిపిస్తే ఆలస్యం చెయ్యొద్దన్నారు. కూతురు కళ్లు తెరవగానే అమ్మ నోట మొదట వచ్చే మాట, "తల ఎలా ఉంది?" అనే. బుర్రమ్మ "బాగుంది" అన్నాకే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. పక్కింటి పిల్లకు వాంతి అయితే అజీర్తి. బుర్రమ్మకు వాంతి అయితే ఆసుపత్రి. ఎన్నిసార్లు పరుగెత్తారో, ఎన్నిసార్లు డాక్టర్లు "ఏం లేదు, తీసుకెళ్లండి" అన్నారో. అంత అదృష్టం అందరికీ ఉండదనీ, కొందరు పిల్లలకు గొట్టం మళ్లీ మళ్లీ మార్చాల్సి వస్తుందనీ వాళ్లు చెప్పేవారు. అమ్మ తల ఊపేది, కానీ ఆ ఊరట మర్నాడు పొద్దుటి దాకా కూడా నిలిచేది కాదు. ఊరు దాటి ఎక్కడికీ వెళ్లేది కాదు. తన చెల్లెలు ఎన్నిసార్లు పిలిచినా, "దీన్ని వదిలి ఎలా వస్తానే?" అనేది.

బుర్రమ్మకు మెల్లకన్ను ఉండేది. అందుకని చిన్నప్పుడే కళ్లజోడు రాశారు. ఏ జోడు పెట్టినా కుడిచెవి వెనక, సరిగ్గా గొట్టం దిగే చోట, కాడ ఒరుసుకునేది. ఆమె తీసి బల్ల మీద పడేసేది. అమ్మ తిట్టి మళ్లీ పెట్టేది. చివరికి బజారు మలుపులో కళ్లజోళ్ల దుకాణానికి తీసుకెళ్లింది. ఆ దుకాణం ఆయన్ను అందరూ అద్దాలాయన అనేవారు. సన్నగా, పొడుగ్గా, మాటకు మాటకు మధ్య బోలెడు ఖాళీ వదిలే మనిషి.

"ఎక్కడ గుచ్చుకుంటోందమ్మా?" అని ఆయన అమ్మను అడగలేదు, పిల్లను అడిగాడు.

పిల్ల జుట్టు పక్కకు తీసి చూపించింది. "ఇక్కడ నాకు గొట్టం ఉంది. ముట్టుకో, ఏం కాదు."

ఆయన ముట్టుకుని చూశాడు. జోడు కాడను వేడిగాలికి పెట్టి, చెవి వెనకకు వచ్చేసరికి గొట్టాన్ని తప్పించుకుని కిందికి వంగేలా వంచాడు. పెట్టి చూసి, తీసి, మళ్లీ వంచాడు. ఆ పూటంతా దానికే పోయింది. ఇంటికెళ్లేటప్పుడు బుర్రమ్మ జోడు తియ్యలేదు. దారిలో పైకి చూస్తూ, "అమ్మా, తీగల మీద పిట్టలున్నాయి," అంది. అమ్మ ఆ మాట ఇప్పటికీ చెప్పుకుంటుంది.

చదువు ఒక మోస్తరుగా ముగిశాక, ఉద్యోగం సంగతి వచ్చింది. "నేను అద్దాల బాబాయ్ దగ్గర చేస్తాను," అంది. అమ్మ వద్దంది. నాన్న మిషను ఆపకుండానే, "మన వీధి చివరేగా. వెళ్లనీ," అన్నాడు. ఆయన అంత పొడుగు మాట్లాడటమే అరుదు కాబట్టి అది చెల్లింది.

ఆ పని ఆమెకు అచ్చొచ్చింది. లెక్కలన్నీ బాబాయ్ చూసుకునేవాడు. జోడు ముఖానికి కుదర్చడం ఆమె వంతు. ఏడ్చే పసిపిల్లలు ఆమె కబుర్లలో పడి ఏడుపు మర్చిపోయేవారు. ముసలివాళ్లు ఎక్కడ నొక్కుతోందో చెప్పలేక గింజుకుంటుంటే, చెవుల వెనక వేళ్లు పెట్టి ఓపిగ్గా వెతికేది. ఒక్కోసారి తప్పుగా వంచి కాడ విరగ్గొట్టేది కూడా. "పోనీలే, దానికి ఆయుష్షు అంతే," అనేవాడు బాబాయ్.

ముప్ఫయ్యో పడిలోకి వస్తున్న ఏడాది ఆ సంగతి జరిగింది. పిన్ని పట్టు వదలకుండా పోరగా పోరగా, అమ్మ మొదటిసారి ఇల్లు కదలడానికి ఒప్పుకుంది. అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి సముద్రం చూసిరావాలి. అమ్మ అప్పటిదాకా సముద్రం చూడలేదు. సంచీ సర్దుతున్న వారంలోనే బుర్రమ్మకు పొద్దున్నే తల బరువుగా ఉండటం మొదలైంది. లేచి తిరిగితే కాస్త తగ్గేది. అమ్మ అడిగింది, "తల ఎలా ఉంది?"

"బాగుంది," అంది బుర్రమ్మ.

అబద్ధం ఆడటం అలవాటు లేని మనిషి. ఆ మాట అనేసి బయటికొచ్చి చెప్పులు తారుమారుగా వేసుకుంది. జలుబేలే, అదే పోతుందిలే అని తనకు తాను నచ్చజెప్పుకుంది. అమ్మా పిన్నీ వెళ్లారు. తల బరువు నొప్పిగా మారింది.

ఒక మధ్యాహ్నం దుకాణానికి బస్సు డ్రైవరు వచ్చాడు. లావుపాటి మనిషి, నవ్వు మొహం. బస్సును డిపోకు తోలుకెళ్తూ, దారిలో పక్కన ఆపి దిగాడు. "దూరం బ్రహ్మాండంగా కనిపిస్తుందమ్మా. చేతిలో పేపరే చదవలేకపోతున్నా," అన్నాడు. అయినా దూరపు చూపూ దగ్గరి చూపూ రెండూ చూడాలి కాబట్టి బుర్రమ్మ ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, గోడమీది అక్షరాల బోర్డు చూపించి చదవమంది. ఆయన చదివాడు.

"మధ్యలో ఒకటి వదిలేశారు. అక్కడ రెండున్నాయి కదా," అంది బుర్రమ్మ.

"ఒకటే ఉందమ్మా."

"రెండున్నాయండీ, సరిగ్గా చూడండి."

డ్రైవరు మళ్లీ చూశాడు. తర్వాత బోర్డును వదిలి ఆమె వంక చూశాడు. లోపల అద్దం అరగదీస్తున్న అద్దాలాయన ఆ మాటలు విని బయటికొచ్చాడు. "అమ్మలూ, పైకి చూడు," అన్నాడు. ఆమె చూడబోయింది. చూపు పైకి లేవలేదు. మరుక్షణం వెనకగదిలోకి పరుగెత్తి వాంతి చేసుకుంది.

ఈ గుర్తుల గురించి అమ్మ అద్దాలాయనకు చెప్పి ఉంచింది, ఒకసారి కాదు, వందసార్లు. ఆటో కోసం రోడ్డు మీదికి ఉరికాడు. ఒక్కటీ ఆగలేదు.

"నా బస్సు ఖాళీగా ఉంది. ఎక్కించండి," అన్నాడు డ్రైవరు.

"డిపోకు కదా వెళ్లాల్సింది?"

"డిపో ఎక్కడికీ పోదు."

ఆ పెద్ద బస్సులో ఇద్దరే ప్రయాణికులు. వెనక సీట్లో అద్దాలాయన ఒళ్లో తల పెట్టుకుని బుర్రమ్మ. ఆమెకు అంతా దూరంగా, నీళ్ల అడుగునుంచి వింటున్నట్టు ఉంది. స్టాపుల్లో జనం చేతులెత్తడం, బస్సు ఆగకపోతే తిట్టడం, డ్రైవరు కిటికీలోంచి "ఆసుపత్రి, ఆసుపత్రి" అని అరవడం గుర్తుంది. మత్తులోనే, "బాబాయ్, అమ్మకు చెప్పకండి, సముద్రం చూడనివ్వండి," అంది.

"చెప్పనులే," అన్నాడాయన. ఆసుపత్రి మెట్లెక్కగానే ఫోను చేసి చెప్పాడు.

వాల్వు మూసుకుపోయింది. ఆ సాయంత్రమే ఒక చిన్న డాక్టరమ్మ ఆపరేషన్ చేసింది. బుర్రమ్మకు తెలివి వచ్చేసరికి కిటికీలోంచి ఎండ పడుతోంది. తలకు కట్టు, పక్కన నాన్న. ఎప్పుడూ మెడలో ఉండే టేపు అప్పుడూ ఉంది. కాళ్ల దగ్గర అమ్మ, ప్రయాణపు బట్టల్లోనే.

అమ్మ, "రోజూ అడిగింది నిన్ను భయపెట్టడానికనుకున్నావా?" అంది.

"కాదమ్మా."

"మరి?"

"నువ్వొక్కసారి ఎక్కడికైనా వెళ్లాలనుకున్నా."

అమ్మకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఏది ముందు చూపించాలో తెలియక దుప్పటి లాగి సరిచేసింది. ఆఖరికి, "నీళ్లు చల్లగా ఉన్నాయే. మోకాళ్ల దాకా దిగాను," అంది. నాన్న నవ్వాడు. ఆ నవ్వు చూసి బుర్రమ్మకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే చిన్న డాక్టరమ్మ వచ్చి, ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించింది. "పైభాగం, వాల్వు కొత్తవి వేశాం. కింది గొట్టం పాతదే, చక్కగా పనిచేస్తోంది. మీకు పెట్టింది మొత్తం చాలా పొడుగు. అప్పట్లో పొట్టలో చుట్టలుగా చుట్టి వదిలారు. మీరు ఎదుగుతున్నకొద్దీ ఒక్కో చుట్టా విడుతూ వచ్చింది. ఇదిగో, ఇంకా ఒక చుట్టు మిగిలే ఉంది."

"అంత పొడుగెందుకు పెట్టారు?" అంది అమ్మ. "అప్పటికి ఇది నా మోచేతంత లేదు."

"పెద్దదవుతుంది కదండీ. పెద్ద మనిషికి సరిపోయేంత పెడతారు."

అమ్మ మంచం అంచున కూర్చుండిపోయింది. మొదటి ఆపరేషన్ రోజు ఆమెకు గుర్తొచ్చింది. పిల్ల మరో నెల ఉంటుందో లేదో అని తాను వరండాలో గోడకు చేరగిలబడి ఉన్న సమయానికి, లోపల ఒక మనిషి ఆ పిల్ల పెళ్లీడుకొచ్చేదాకా చాలేంత గొట్టం తీసుకుని చుట్టలు చుడుతున్నాడు. నోటితో "చెప్పలేనమ్మా" అన్న మనిషే.

నాన్న మెడలో టేపు సర్దుకున్నాడు. "నేనూ అంతే కదా. ఎదిగే పిల్లల బట్టలకు లోపల మడత వదులుతాను," అన్నాడు. అని, మొహం కడుక్కొస్తానని బయటికెళ్లి, చాలాసేపటిదాకా రాలేదు.

ఆ పెద్ద డాక్టరు రిటైరై చాలాకాలమైంది. చిన్న డాక్టరమ్మ ఆయన దగ్గర చదువుకున్నదే. ఇల్లెక్కడో ఆమే చెప్పింది. బుర్రమ్మ కోలుకున్నాక తల్లీకూతుళ్లిద్దరూ వెళ్లారు. అమ్మ దారి పొడవునా ఏం చెప్పాలో సాధన చేసింది.

ఆయన మేడ మీద కుండీల్లో మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. చేతులు వణుకుతున్నాయి, నీళ్లు సగం కుండీలో, సగం చెప్పుల మీద. వీళ్లెవరో ఆయనకు గుర్తు లేదు. అమ్మ ఎన్ని ఆనవాళ్లు చెప్పినా, "ఉండొచ్చమ్మా, ఉండొచ్చు," అన్నాడు. బుర్రమ్మ వెళ్లి ముందు నిలబడి తల వంచింది. ఆయన చెయ్యి దానంతటదే ఆమె చెవి వెనకకు వెళ్లింది. అక్కడికి చేరాక వణుకు ఆగింది.

"ఇది కొత్తది. పాతది ఎంతకాలం వచ్చింది?"

"ముప్ఫయ్యేళ్లకు దగ్గరండీ."

"అబ్బో," అన్నాడు సంతోషంగా. "ఏం చేస్తుంటావు?"

"కళ్లజోళ్ల దుకాణంలో చేస్తానండీ. మీ జోడు కుడివైపు వాలింది. తీసి ఇస్తే సరిచేస్తాను."

ఆయన తీసి ఇచ్చాడు. ఆమె బొటనవేలితో నెమ్మదిగా వంచుతుండగా అమ్మ మాట అందుకుంది. సాధన చేసిందంతా మర్చిపోయింది. "అప్పుడు మీరు మాతో ఏమీ చెప్పలేనన్నారు. మరి లోపలికెళ్లి అంత పొడుగు గొట్టం పెట్టారు. ఇది బతుకుతుందని మీకు తెలుసా?"

"తెలీదమ్మా. అందరికీ అలాగే పెడతాం."

"అందరికీనా?"

"అందరికీ. ఎవరు ఎదుగుతారో అప్పుడు ఎలా తెలుస్తుంది? పొట్టిది పెడితే, ఎదిగిన పిల్లను మళ్లీ కోయాలి. ఎదగని పిల్లలూ ఉన్నారు, చాలామంది. వాళ్లకూ అంతే పొడుగు పెట్టాను." ఆయన సరిచేసిన జోడు అందుకుని పెట్టుకున్నాడు. "నువ్వొచ్చి చూపించావు. మంచిపని చేశావమ్మా. ఎదిగినవాళ్లు మా దగ్గరికి రారు కదా, వాళ్లకు మాతో పనుండదు."

తిరుగుదారిలో అమ్మ కాస్త చిన్నబోయినట్టుంది. "నీ ఒక్కదానికే పెట్టాడేమో అనుకున్నానే," అంది.

బుర్రమ్మ ఆలోచించింది. "అందరికీ అయితేనే బాగుందమ్మా. నా ఒక్కదానికే అయితే, ఎందుకు నాకే అని తల బద్దలు కొట్టుకునేదాన్ని."

"ఆ తలతో ఇప్పుడా పని పెట్టుకోకు," అంది అమ్మ. ఇద్దరూ పగలబడి నవ్వారు. పక్కనుంచి వెళ్లేవాళ్లు తిరిగి చూశారు.

ఆ డ్రైవరు దగ్గరి చూపు జోడు కోసం మళ్లీ వచ్చాడు. డిపోలో సంజాయిషీ అడిగితే, "ప్యాసింజరు దిగాల్సిన చోట దింపాను," అన్నాడట. ఆ జోడు బుర్రమ్మ తానే కుదిర్చింది. చెవుల వెనక వేళ్లతో పట్టి పట్టి చూస్తుంటే ఆయనకు చక్కిలిగింతలు పుట్టాయి గానీ, కదలకుండా కూర్చున్నాడు.

ఇప్పుడు ఆమె నలభయ్యో పడిలో ఉంది. అద్దాలాయన దుకాణం ఆమెకే అప్పజెప్పి, సాయంత్రాలు వచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. లెక్కలు వదిన చూస్తుంది. దారులు ఇప్పటికీ గుర్తుండవు.

మొన్న ఒకరోజు అద్దం ముందు జడ వేసుకుంటూ నుదుటి మీద ఒక తెల్లవెంట్రుక చూసుకుంది. మిగతావాళ్లయితే గుట్టుచప్పుడు కాకుండా పీకేస్తారు. ఈమె జడ సగంలో ఆపి వంటింట్లోకి పరుగెత్తింది. "అమ్మా, చూడు. నాకు జుట్టు నెరుస్తోంది."

అమ్మ కళ్లజోడు సర్దుకుని దగ్గరగా చూసింది. "అవునే. ఉండు, తీసేస్తాను."

"ముట్టుకోకు," అంది బుర్రమ్మ. అదే సగం జడతో దుకాణానికెళ్లి, వచ్చినవాళ్లందరికీ ఆ వెంట్రుక చూపించింది.